ఎవరి గది ఖాళీ?

ఖతార్‌లో 'బాచిలర్' అంటే పెళ్లికానివాడని అర్థం కాదు. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చి, దోహాలో ఒక్క మంచానికి అద్దె కట్టే నలభై అయిదేళ్ల జగిత్యాల మనిషీ బాచిలరే. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలని నియమం. అది అందనివాళ్లంతా ఈ లెక్కలోకే వస్తారు.

వీళ్లు ఎక్కడుండాలన్నది ఇక్కడ పాత తగువు. 2000 తర్వాత గ్యాసు డబ్బుతో నగరం పెరిగిన వేగానికి ఇళ్లు చాల్లేదు. పాత విల్లాలని అడ్డగోడలతో గదులుగా చీల్చి, గదుల్ని మంచాలుగా అద్దెకిచ్చారు. పక్కింటి కుటుంబాలు ఫిర్యాదు చేశాయి. ఆ ఇరుకులో నిప్పంటుకుంటే ఏం గతి అన్న భయమూ ఉత్తది కాదు. 2010లో 15వ నంబరు చట్టం వచ్చి, కుటుంబాలుండే ప్రాంతాల్లో కార్మికుల వసతిని నిషేధించింది. 2014లో మరో ఉత్తర్వు: కంపెనీ వసతిలో మనిషికి కనీసం 6 చదరపు మీటర్లు, గదికి నలుగురు. మంచి నియమమే. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లయింది. కంపెనీ వసతి ఇవ్వకపోతే దానికి మరో 500.

అయిదొందలకి దోహా నడిబొడ్డున గది రాదు, మంచమే వస్తుంది. 2022 అక్టోబరులో, ప్రపంచ కప్‌కి ముందు, అల్ మన్సూరా వంటి చోట్ల డజనుకి పైగా భవనాలు ఖాళీ చేయించారని రాయిటర్స్ రాసింది. ఒక భవనంలో రెండు గంటలే గడువిచ్చారని అందులో ఉన్నవాళ్లు చెప్పారు. పోటీలకీ దీనికీ సంబంధం లేదనీ, అందరికీ వేరే వసతి చూపామనీ ప్రభుత్వం అంది.

ఇది చదివినప్పుడు నాకు బ్రిటన్ గుర్తొచ్చింది. అక్కడ 2013 ఏప్రిల్ నుంచి, అద్దె సాయంతో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పని వయసువాళ్లకి ఒక గది మిగులుంటే అద్దెలో 14 శాతం, రెండుంటే 25 శాతం మేర సాయం కోసేశారు. ఇరుకిళ్లలో ఉన్నవాళ్లకి ఆ గదులు కావాలన్నది ప్రభుత్వ వాదన. చిన్నింటికి మారదామంటే ఒంటి గది ఇళ్లేవి అన్నది ఎదుటివాళ్ల ప్రశ్న.

గది ఎక్కువైనా మనిషి ఎక్కువైనా, పొమ్మంటే పోవడానికి చోటుండాలి కదా! తేడా ఒక్కటే. అక్కడి అద్దెదారుకి ఓటుంది, పార్లమెంటులో గొడవపడేవాళ్లున్నారు. స్కాట్లండ్ ప్రభుత్వమైతే ఆ కోతని తన డబ్బుతో పూడ్చింది. ఖతార్‌లో 1999 నుంచీ మున్సిపల్ కౌన్సిల్‌కి ఎన్నికలున్నా, ఓటు పౌరులకే. బాచిలర్ల గురించి మాట్లాడేవాళ్లలో బాచిలరు ఉండడు.

జగిత్యాల మనిషికి ఊళ్లో దోహా డబ్బుతో కట్టిన మేడ ఉంది. పిల్లలు హైదరాబాదు చదువులకి వెళ్లాక అందులో రెండు గదులకి తాళాలే. బ్రిటన్ లెక్కన ఆయనకి రెండు గదులు మిగులు. దోహా లెక్కన ఆయన పడుకునే మంచమే మిగులు.