బొమ్మను చూసి వెతికించిన కూజా మొక్క

1876లో బోర్నియోలోని సారవాక్‌కు వెళ్లిన ఆంగ్ల చిత్రకారిణి మరియన్ నార్త్, బావు దగ్గరి సున్నపురాతి కొండల నుంచి తెప్పించిన ఒక కూజా మొక్కను నూనె రంగుల్లో చిత్రించింది. వెడల్పాటి మూతి అంచు, దాని మీద ఎర్రటి చారలు, మీద చిన్న మూత. లండన్‌లో ఆ బొమ్మ హ్యారీ వీచ్ కంటపడింది. చెల్సీలో పేరుమోసిన వీచ్ నర్సరీ ఆయన కుటుంబానిదే. అలాంటి మొక్క తన అద్దాల ఇళ్లలో లేదని గ్రహించి, దాన్ని వెతకమని మొక్కల సేకర్త చార్లెస్ కర్టిస్‌ను పంపాడు. కర్టిస్ సాధించాడు. 1881లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ దానికి నెపెంథిస్ నార్తియానా అని ఆమె పేరే పెట్టాడు. ఒక చిత్రం ఒక మొక్కను శాస్త్రానికి పరిచయం చేయడం ఎంత అపురూపం!

కూజా మొక్కల మీద మోజు అంతకుముందే మొదలైంది. 1862 నాటికే వీచ్ నర్సరీలో జాన్ డొమినీ సంకర కూజా మొక్కను పుట్టించాడు. ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి కాబట్టి, రెండూ ఒకేసారి పూస్తే తప్ప ఆ పని కుదరదు.

కూజా లోపల జరిగేదేమిటో తేల్చినవాడు హుకరే. కూజాల్లో కోడిగుడ్డు తెల్లసొన, మాంసం ముక్కలు వేసి, అవి కరగడం గమనించి, 1874లో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఆ సంగతి చెప్పాడు. మూతి అంచు తేనె ఊరిస్తుంది. తడిసినప్పుడు జారుడుగా మారుతుంది. జారిపడ్డ పురుగును అడుగునున్న రసం జీర్ణం చేస్తుంది. నేలలో దొరకని నత్రజనిని మొక్క ఇలా సంపాదించుకుంటుంది.

పెంచేవారికి అసలు కీలకం ఇక్కడే ఉంది. గులాబీకి వేసినట్టు పశువుల ఎరువు వేస్తే ఇది చచ్చిపోతుంది. సారంలేని నాచు, వాననీరు, తేమ నిండిన గాలి కావాలి. గాలి పొడిబారితే ఆకు కొసన తీగ సాగినా, దాని చివర కూజా ఏర్పడదు.

మనదేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క ఒక్కటే, మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా. గారో కొండల్లోని బాగ్‌మారా దగ్గర దానికో అభయారణ్యం కూడా ఉంది. సేకర్తల దురాశ బావు కొండల్లోని నార్తియానాకు నష్టం చేసింది. అడవిలో పెరిగిన ఖాసియానా మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని మాత్రం, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం నిషేధించింది. విత్తనం నుంచో, టిష్యూ కల్చర్ ద్వారానో పెంచిన మొక్కలు అందుబాటులో ఉన్నాయి. కొనేవారు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.