కలివికోడి: రికార్డులో లేనంత మాత్రాన

కలివికోడిని 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది థామస్ జెర్డాన్. మా సుల్తానాబాద్ వైపు నుంచి గోదావరి దాటితే వచ్చే సిరొంచ ప్రాంతంలోనూ బ్లాన్‌ఫర్డ్ దాన్ని చూశాడు. 1900 తర్వాత రికార్డుల్లో లేదు. అంతరించిందనే అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడొకరు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. అది కలివికోడేనని తేల్చింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్.

రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే ఏం దొరుకుతది? కలివి పొదల్లో ఉంటుందని ఊరివాళ్లు ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. మనం దాన్ని ‘పునరావిష్కరణ’ అంటున్నాం. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. డేటాబేస్‌లో ఎంట్రీ లేదంటే ప్రాణి లేదని కాదు. తెలిసినవాళ్లను అడగలేదని కూడా కావచ్చు. లంకమల అడవిలో దాని జాడ వెతికేవాళ్లు మొదట వెళ్లాల్సింది పక్క ఊరికే.