చైనా కమ్యూనిస్టు పార్టీలో నాయకత్వ ఎంపిక

1949 నుండి చైనాను పాలిస్తున్న చైనా కమ్యూనిస్టు పార్టీ తన కేంద్ర కమిటీని, పొలిట్‌బ్యూరోను, ప్రధాన కార్యదర్శిని నిర్ణయించుకొనే విధానమే ఈ వ్యాసంలోని విషయం. దేశంలో మరో ఎనిమిది చిన్న పార్టీలు ఉన్నప్పటికీ అవన్నీ కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన్ని అంగీకరించినవే. అధికారం కొరకు పోటీపడవు. అందువలన ఈ పార్టీ లోపల ఎవరు పైకి వస్తారో వారే దేశాన్ని పాలిస్తారు. 2024 చివరికి పార్టీ సభ్యుల సంఖ్య పది కోట్లు దాటింది. వీరిలో కొన్ని వందల మందికి తప్ప మరెవరికీ అగ్రనేత ఎన్నికలో ఓటు లేదు.

నిబంధనావళి, ఆచరణ

పార్టీ నిబంధనావళి ప్రకారం అధికారం కింది నుండి పైకి పోతుంది. ఐదేళ్లకు ఒకసారి జరిగే జాతీయ మహాసభ కేంద్ర కమిటీని ఎన్నుకుంటుంది. కేంద్ర కమిటీ పొలిట్‌బ్యూరోను, దాని స్థాయీ సంఘాన్ని, ప్రధాన కార్యదర్శిని ఎన్నుకుంటుంది. ఆచరణలో ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది. పదవి దిగిపోతున్న స్థాయీ సంఘమూ, పాత తరం పెద్దలూ ముందుగా సంప్రదించుకొని పేర్లు ఖరారు చేస్తారు. చివరి ఓటింగులో పొలిట్‌బ్యూరోకు ఎన్ని స్థానాలో అన్ని పేర్లే ఉంటాయి.

దీనికి ఆధారం లెనిన్ కాలం నాటి "ప్రజాస్వామిక కేంద్రీకరణ" సూత్రం. చర్చ స్వేచ్ఛగా జరగవచ్చు గాని, నిర్ణయం జరిగిన తరువాత మైనారిటీ మెజారిటీకి, కింది కమిటీ పై కమిటీకి, అందరూ కేంద్రానికి లోబడాలి. భారతదేశంలోని కమ్యూనిస్టు పార్టీలూ ఇదే సూత్రాన్ని పాటిస్తాయి. అయితే సీపీఐ(ఎం) 2012లో కార్యదర్శి పదవికి మూడు పర్యాయాల పరిమితిని తన నిబంధనావళిలో రాసుకొన్నది. ఆ ప్రకారమే 2015లో విశాఖపట్నం మహాసభలో ప్రకాశ్ కారత్ తప్పుకోగా సీతారాం ఏచూరి ఎన్నికయ్యారు. చైనా పార్టీ నిబంధనావళిలో ప్రధాన కార్యదర్శికి అటువంటి పరిమితి ఏనాడూ లేదు.

వారసత్వ సంక్షోభాలు

మావో జెడాంగ్ 1943 నుండి 1976లో మరణించే వరకు పార్టీ ఛైర్మన్‌గా ఉన్నాడు. 1969లో జరిగిన తొమ్మిదవ మహాసభ లిన్ బియావోను మావో వారసుడిగా ఏకంగా నిబంధనావళిలోనే పేర్కొన్నది. రెండున్నరేళ్లు తిరగకుండానే లిన్ పారిపోతూ మంగోలియాలో విమాన ప్రమాదంలో మరణించాడని ప్రభుత్వం ప్రకటించింది. మావో ఎంచుకొన్న మరో వారసుడు హువా గువోఫెంగ్ 1981లో ఛైర్మన్ పదవిని వదులుకోవలసి వచ్చింది.

ఈ అనుభవం తరువాత డెంగ్ జియావోపింగ్ 1980 ఆగస్టులో చేసిన ప్రసంగంలో అధికారం ఒకే చోట పోగుపడటాన్ని, జీవితాంతం పదవిలో ఉండటాన్ని వ్యవస్థలోని లోపాలుగా విమర్శించాడు. 1982లో ఛైర్మన్ పదవిని రద్దు చేశారు. నిబంధనావళిలో వ్యక్తిపూజను నిషేధించారు. వృద్ధ నాయకులు గౌరవంగా తప్పుకొనేందుకు కేంద్ర సలహా సంఘాన్ని ఏర్పాటు చేశారు; ఇది 1992 వరకు ఉన్నది.

అయితే ఈ సంస్కరణను మొదట ఉల్లంఘించినదీ దానిని తెచ్చిన పెద్దలే. 1987 జనవరిలో ప్రధాన కార్యదర్శి హూ యావోబాంగ్ రాజీనామాను కేంద్ర కమిటీ కాక, సలహా సంఘపు పెద్దలు కూడా పాల్గొన్న విస్తృత పొలిట్‌బ్యూరో సమావేశం ఆమోదించింది. కేంద్ర కమిటీ ఆమోదం కొన్ని నెలల తరువాత గాని రాలేదు. 1989లో జావో జియాంగ్ తొలగింపు, షాంఘై నుండి జియాంగ్ జెమిన్ రాక కూడా డెంగ్, ఇతర వృద్ధ నేతల నిర్ణయాలే. అప్పటికి డెంగ్ పొలిట్‌బ్యూరోలో సభ్యుడు కూడా కాదు.

ఓటుకు విలువ ఉన్న చోటు

1987లో జరిగిన పదమూడవ మహాసభ నుండి కేంద్ర కమిటీకి స్థానాల కంటే కొంత ఎక్కువ మంది అభ్యర్థులను నిలబెట్టి, అతి తక్కువ ఓట్లు వచ్చిన వారిని తొలగించే పద్ధతి మొదలైంది. ఆ ఏడాదే సంస్కరణల వ్యతిరేకి, ప్రచార విభాగంలో ప్రముఖుడు డెంగ్ లికున్ ఓడిపోయాడు. పెద్దల అండ ఉన్నా ప్రతినిధుల రహస్య ఓటు అతనిని ఆపగలిగింది. 2007లో 204 స్థానాలకు 221 మంది, 2012లో 205 స్థానాలకు 224 మంది అభ్యర్థులు నిలిచారు. అనగా ప్రతినిధులు తమకు గిట్టని కొందరిని పక్కకు నెట్టగలరు. తమకు నచ్చిన నాయకుడిని మాత్రం తెచ్చుకోలేరు.

ప్రత్యామ్నాయ సభ్యుల జాబితాను పొందిన ఓట్ల వరుసలో ప్రకటిస్తారు. 1997లో ఈ 151 మంది జాబితాలో చిట్టచివరి పేరు షీ జిన్‌పింగ్‌ది. పదేళ్ల తరువాత ఆయన స్థాయీ సంఘ సభ్యుడయ్యారు.

2007 జూన్‌లో మరో ప్రయోగం జరిగింది. నాలుగు వందల మందికి పైగా ఉన్నత నాయకులు సమావేశమై, దాదాపు రెండు వందల పేర్లున్న జాబితా నుండి పొలిట్‌బ్యూరోకు తగిన వారిని ఓటు ద్వారా సూచించారు. అభ్యర్థుల వయసు 63కు మించరాదని నియమం పెట్టారు. 2012లోనూ ఇటువంటి ఓటింగు జరిగింది. 2017లో దీనిని మానివేశారు. జౌ యోంగ్‌కాంగ్, సన్ జెంగ్‌సాయ్, లింగ్ జిహువా వంటి వారు ఓట్ల కొరకు అక్రమాలకు పాల్పడ్డారని అధికార వార్తాసంస్థ షిన్హువా కారణం చెప్పింది. ఓటింగుకు బదులుగా ముఖాముఖి సంభాషణలు వచ్చాయి. షీ జిన్‌పింగ్ స్వయంగా 57 మందితో మాట్లాడారు. ఓటులోని అక్రమాలకు విరుగుడుగా ఓటునే తీసివేయడం గమనార్హం.

అలిఖిత నియమాలు

మహాసభ నాటికి 67 ఏళ్లుంటే కొనసాగవచ్చు, 68 అయితే తప్పుకోవాలి అన్న ఆనవాయితీ 2002 నుండి పాటించబడింది. లీ రుయ్‌హువాన్ ఆ ఏడాది ఇలాగే తప్పుకొన్నారు. ఇది ఏ నిబంధనావళిలోనూ లేదు. దేశాధ్యక్షుడికి మాత్రం రాజ్యాంగంలో రెండు పర్యాయాల పరిమితి ఉండేది. 2018 మార్చిలో జాతీయ ప్రజా కాంగ్రెస్ 2,958 ఓట్లతో దానిని తొలగించింది. వ్యతిరేకంగా వచ్చినవి రెండే ఓట్లు.

2022 అక్టోబరులో జరిగిన ఇరవయ్యవ మహాసభ తరువాత 69 ఏళ్ల షీ మూడవసారి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అదే వయసున్న వాంగ్ యీ పొలిట్‌బ్యూరోలోకి వచ్చారు. 67 ఏళ్ల ప్రధానమంత్రి లీ కెకియాంగ్ మాత్రం కేంద్ర కమిటీ నుండే తప్పుకొన్నారు. 24 మంది పొలిట్‌బ్యూరోలో మహిళలు లేరు.

గతంలో కాబోయే నాయకుడు ముందుగానే స్థాయీ సంఘంలో కనిపించేవాడు. హు జింటావో 1992లో 49 ఏళ్లకు, షీ 2007లో 54 ఏళ్లకు అందులో చేరారు. 2022లో ఎన్నికైన ఏడుగురిలో అందరికంటే చిన్నవాడైన డింగ్ షుయెషియాంగ్ 1962లో జన్మించారు. 2027 మహాసభ నాటికి ఆయన వయసు 65.