ఆవిరి గొట్టాలలో బెల్లోస్: దాని పని, దాని ప్రమాదం

మన సరిహద్దు గ్రామాల పిల్లలు ఐటీఐ ముగించుకొని ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, సహాయకులుగా కర్మాగారాలకు వెళ్ళడం కొత్త సంగతి కాదు. రాయచూరు సమీపంలోని శక్తినగర్ విద్యుత్ కేంద్రం, బళ్ళారి జిల్లా తోరణగల్లు ఉక్కు కర్మాగారం, కోరాపుట్ జిల్లా దామన్‌జోడి అల్యూమినా కర్మాగారం, రాయగడ కాగితపు మిల్లు, మహారాష్ట్రలోని చంద్రపూర్ థర్మల్ కేంద్రం మన ఊళ్ళకు దగ్గరగా ఉన్న పనిచోట్లు. ఇటువంటి ప్రతి కర్మాగారంలోను ఆవిరిని, వేడినీటిని, వాయువులను మోసే గొట్టాలు మైళ్ళ కొలది సాగి ఉంటాయి. ఆ గొట్టాల నడుమ అక్కడక్కడ ముడతలు ముడతలుగా ఉన్న లోహపు భాగం ఒకటి కనిపిస్తుంది. దానిని ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటారు. అందులోని ముడతల భాగమే బెల్లోస్.

గత వేసవిలో సెలవుకు వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు నన్ను ఇలా అడిగాడు: "సార్, కొత్త బెల్లోస్‌కు ఉన్న పసుపు కడ్డీలు తీసేయమని సూపర్‌వైజర్ చెప్పాడు. పక్కనే ఇంకో రకం కడ్డీలు కూడా ఉన్నాయి. అవి కూడా తీసేయాలా?" చిన్న ప్రశ్నే. కాని తప్పు జవాబు ప్రాణాంతకం కాగలదు. ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు ఎక్కడిది?

కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే తోలు సంచిని మనం తిత్తి అంటాము. కన్నడంలో తిది, తమిళంలో తురుత్తి, మరాఠీలో భాతా అదే. ఇంగ్లీషులో దాని పేరు బెల్లోస్. తిత్తి ముడుచుకొని, చాచుకొని పని చేస్తుంది. గొట్టాల బెల్లోస్ కూడా అలాగే ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. ఇది గాలి ఊదదు, గొట్టం పెరిగినప్పుడు ఆ పెరుగుదలను తనలో ఇముడ్చుకుంటుంది. అంతే తేడా.

వేడికి గొట్టం ఎంత పెరుగుతుంది?

ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం మన పెద్దలకు తెలిసిన పని. పట్టాను చక్రం కంటె కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన తరువాత చక్రానికి ఎక్కించి, నీళ్ళు పోస్తారు. చల్లారిన పట్టా సంకోచించి చక్రాన్ని గట్టిగా బిగిస్తుంది. ఇనుము వేడికి పెరుగుతుందనడానికి, ఆ పెరుగుదలలో ఎంతో బలం ఉన్నదనడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు.

సాధారణ ఉక్కు ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడికి దాదాపు 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది వినడానికి స్వల్పమే. కాని 50 మీటర్ల ఆవిరి గొట్టం 30 డిగ్రీల నుండి 180 డిగ్రీలకు చేరితే, 50 × 150 × 0.012, అనగా 90 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది దాదాపు మూడున్నర అంగుళాలు. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే పెరుగుదల ఇంకా ఎక్కువ, సుమారు 127 మిల్లీమీటర్లు.

రెండు చివరలను కదలకుండా బంధించిన యెడల ఏమి జరుగుతుంది? ఇదే వేడికి ఉక్కులో ప్రతి చదరపు సెంటీమీటరుకు 3,600 కిలోలకు పైగా ప్రతిబలం కలుగుతుంది. సాధారణ ఉక్కు సుమారు 2,500 కిలోల వద్దనే శాశ్వతంగా వంగిపోవడం మొదలుపెడుతుంది. కావున గొట్టం విల్లు వలె వంగుతుంది, ఆధారాలు విరుగుతాయి, ఫ్లాంజ్‌లు కారుతాయి, చివరన ఉన్న పంపు లేక టర్బైన్ మీద భారం పడుతుంది.

దీనికి మొదటి ఉపాయం వంపు. గొట్టాన్ని దారిలో పెద్ద చతురస్రపు మలుపుగా తిప్పితే, ఆ మలుపు కొంచెం వంగి పెరుగుదలను భరిస్తుంది. దీనిని లూప్ అంటారు. స్థలం ఉన్న చోట ఇదే మేలు. స్థలం లేని చోట, గొట్టం చాలా లావుగా ఉన్న చోట, యంత్రం మీద భారం ఏమాత్రం పడరాని చోట బెల్లోస్ వాడతారు.

బెల్లోస్ ఎందుకు నెడుతుంది?

ఈ వ్యాసంలో ముఖ్యమైన విషయం ఇదే. గొట్టం గోడ 8 లేక 10 మిల్లీమీటర్ల మందం ఉంటే, బెల్లోస్ రేకు తరచు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పలుచగా, ముడతలుగా ఉన్నందువల్లనే అది కదలగలుగుతుంది. కాని ఆ గుణమే దాని బలహీనత కూడా.

మూసిన గొట్టంలో పీడనం ఉన్నప్పుడు అది రెండు చివరలను బయటికి నెడుతుంది. మామూలు గొట్టంలో గట్టి గోడ ఆ నెట్టుడును పట్టి ఉంచుతుంది. నడుమ బెల్లోస్ పెడితే అక్కడ పట్టి ఉంచే గోడ లేనట్లే. హార్మోనియం తిత్తిని గాలితో నింపితే అది ఎలా చాచుకోజూస్తుందో, బెల్లోస్ కూడా అలాగే చాచుకొని రెండు వైపుల గొట్టాలను దూరంగా నెట్టజూస్తుంది.

ఆ బలం ఎంతో లెక్క కట్టడం సులభం. ముడతల సగటు వ్యాసం 35 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 962 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు అయితే నెట్టుడు బలం 9,620 కిలోలు, అనగా దాదాపు పది టన్నులు. ఒక లారీ సరుకు బరువంత బలం ఒక అడుగు వ్యాసం గల గొట్టం చివర నిలిచి నెడుతున్నదన్నమాట. నీటి పరీక్షలో పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే ఈ బలం కూడా ఒకటిన్నర రెట్లు అవుతుంది.

ఈ బలాన్ని ఎవరో ఒకరు మోయాలి. మోసేవి రెండు. ఒకటి, నేలకు లేక ఉక్కు చట్రానికి కదలకుండా బిగించిన ప్రధాన యాంకర్. రెండవది, బెల్లోస్ రెండు వైపులను కలిపి పట్టి ఉంచే టై రాడ్లు, కీళ్ళు. ఈ రెండూ లేని బెల్లోస్ తాడు లేని గాలిపటం వంటిది.

రకాలు

పొడవు దిశలో ముడుచుకొనేది ఆక్సియల్ రకం. దీనికి బలమైన యాంకర్లు, గొట్టాన్ని సూటిగా నడిపే గైడ్లు తప్పనిసరి. రెండు యాంకర్ల నడుమ ఇటువంటి బెల్లోస్ ఒక్కటే ఉండాలి. బెల్లోస్‌కు గొట్టపు వ్యాసానికి నాలుగు రెట్ల దూరం లోపల మొదటి గైడు, అక్కడి నుండి పదునాలుగు రెట్ల దూరం లోపల రెండవ గైడు ఉండాలన్నది ఈ రంగంలో వాడుక నియమం. గైడ్లు లేకపోతే పొడవైన స్ప్రింగును రెండు చేతులతో నొక్కినప్పుడు పక్కకు తొలగినట్లు బెల్లోస్ కూడా పక్కకు ఉబికి పాడవుతుంది.

రెండు బెల్లోస్‌ల నడుమ చిన్న గొట్టం ఉండి, పక్కకు కదిలేది యూనివర్సల్ రకం. దీనికి సాధారణంగా టై రాడ్లు ఉంటాయి. తలుపు బందు వలె ఒకే తలంలో వంగేది హింజ్ రకం, అన్ని వైపులకు వంగేది గింబల్ రకం. పంపుల దగ్గర అదురును ఆపడానికి రబ్బరు బెల్లోస్, థర్మల్ కేంద్రాల పొగ మార్గాలలో బట్ట బెల్లోస్ వాడతారు. పొగ మార్గాలలో పీడనం స్వల్పం కావున అక్కడ బట్ట సరిపోతుంది.

అమెరికాలో 1955లో ఏర్పడిన తయారీదారుల సంఘం వీటి రూపకల్పనకు ప్రమాణ గ్రంథం వెలువరించింది. కర్మాగారాలలో ఈజేఎంఏ అని వినిపించే పేరు ఆ సంఘానిదే.

ఫ్లిక్స్‌బరో నేర్పిన పాఠం

బెల్లోస్ నెట్టుడు బలాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో 1974లో ఇంగ్లండు చూసింది. ఫ్లిక్స్‌బరో గ్రామం వద్ద నైప్రో అనే కర్మాగారం ఉండేది. నైలానుకు ముడిసరుకైన కాప్రోలాక్టమ్ అక్కడ తయారయ్యేది. సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవం 155 డిగ్రీల వేడిలో, చదరపు సెంటీమీటరుకు సుమారు 8.8 కిలోల పీడనంలో, వరుసగా ఆరు పాత్రల గుండా ప్రవహించేది. ద్రవం దానంతట అదే జారడానికి ఒక్కొక్క పాత్రను ముందుదాని కంటె సుమారు 14 అంగుళాలు దిగువన అమర్చారు.

1974 మార్చి 27న అయిదవ పాత్రకు పగులు కనిపించింది. దానిని తొలగించి, నాలుగవ పాత్రను ఆరవ పాత్రతో కలుపుతూ తాత్కాలికంగా 20 అంగుళాల గొట్టం వేశారు. పాత్రల మూతుల వద్ద 28 అంగుళాల బెల్లోస్‌లు అప్పటికే ఉన్నాయి. కొత్త గొట్టాన్ని ఆ రెండింటి నడుమ ఉంచి, పరంజా గొట్టాల మీద నిలబెట్టారు. రెండు పాత్రల ఎత్తు వేరు కావున గొట్టం మధ్యలో మెట్టు వలె వంగి ఉండేది.

ఆ సమయంలో అక్కడ వర్క్స్ ఇంజనీరు పదవి ఖాళీగా ఉన్నది. ఆ గొట్టానికి కాగితం మీద నమూనా లేదు. వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసినదే నమూనా. బెల్లోస్ తయారీదారు ఇచ్చిన మార్గదర్శక పుస్తకాన్ని ఎవరూ చూడలేదు. గొట్టం పీడనానికి తట్టుకుంటుందా అని లెక్క వేశారు. రెండు చివరల నుండి వచ్చే నెట్టుడు బలం ఒకే రేఖలో లేనందున గొట్టం మెలిపడుతుందని లెక్క వేయలేదు. 28 అంగుళాల వైశాల్యం మీద 8.8 కిలోల పీడనమంటే ఆ బలం 35 టన్నులకు తక్కువ కాదు.

ఏప్రిల్ 1న పని మొదలైంది. రెండు నెలలు గొట్టం నిలిచింది. జూన్ 1, శనివారం సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు కర్మాగారం పేలిపోయింది. 28 మంది మరణించారు. వారిలో 18 మంది కంట్రోల్ రూములో ఉన్నవారు. కర్మాగారంలో మరి 36 మంది గాయపడ్డారు. చుట్టుపక్కల సుమారు 1,800 ఇళ్ళు దెబ్బతిన్నాయి. సెలవు రోజు కాకపోయి ఉంటే మృతుల సంఖ్య ఇంకా ఎంతో పెరిగేది. తాత్కాలిక గొట్టం, బెల్లోస్‌లు తెగిపోవడమే కారణమని 1975లో విచారణ సంఘం తేల్చింది. ఈ తీర్పుతో ఏకీభవించని నిపుణులు తరువాత కొందరు వచ్చారు. కాని ఆ గొట్టం రూపకల్పన సరియైనదని అన్నవారు లేరు.

"ఇన్నాళ్ళు పని చేసింది కదా" అన్న మాట భద్రతకు రుజువు కాదని ఆ రెండు నెలలు మనకు చెబుతున్నాయి.

పసుపు కడ్డీలు, టై రాడ్లు

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు వద్దాం. కర్మాగారం నుండి వచ్చే కొత్త బెల్లోస్‌కు రవాణాలో చాచుకోకుండా, ముడుచుకోకుండా కొన్ని కడ్డీలు అమరుస్తారు. వీటికి సాధారణంగా పసుపు రంగు వేస్తారు. గొట్టాన్ని పూర్తిగా బిగించి, యాంకర్లు, గైడ్లు అన్నీ సిద్ధమైన తరువాత, పీడన పరీక్షకు ముందు వీటిని తీసివేయాలి. తీయడం మరచిపోతే బెల్లోస్ కదలలేదు. అప్పుడు బెల్లోస్ ఉన్నా లేనట్లే, గొట్టం ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

టై రాడ్లు వేరు. అవి బెల్లోస్‌తో జీవితాంతం ఉండవలసినవి. పైన లెక్క కట్టిన పది టన్నుల నెట్టుడును మోసేవి అవే. వాటిని తీసివేసి గొట్టంలోకి పీడనం వదిలితే, బెల్లోస్ చాచుకొని చిరిగిపోతుంది, వేడి ఆవిరి ఎదుట ఉన్న మనిషి మీదికి వస్తుంది. వాటి నట్లను కూడా ఇష్టం వచ్చినట్లు బిగించరాదు, వదులు చేయరాదు.

అన్ని చోట్ల రంగులు ఒకే తీరుగా ఉండవు. కావున రంగును మాత్రమే నమ్మరాదు. బెల్లోస్‌తో వచ్చిన డ్రాయింగు చూడాలి, తగిలించిన చీటీ చదవాలి, అనుమానం తీరేవరకు ఇంజనీరును అడగాలి.

బిగించేవారు గుర్తుంచుకోవలసినవి

1. రెండు గొట్టాల మధ్య దూరం తప్పితే, ఎత్తు తప్పితే, బెల్లోస్‌ను లాగి లేక నొక్కి సరిచేయరాదు. గొట్టాన్నే సరిచేయాలి.

2. బెల్లోస్‌ను మెలితిప్పరాదు. ఫ్లాంజ్ బోల్టు రంధ్రాలు కలవకపోతే ఫ్లాంజ్‌ను తిప్పి అమర్చాలి.

3. ముడతలకు గొలుసు కట్టి ఎత్తరాదు. వాటి మీద అడుగు పెట్టరాదు.

4. దగ్గరలో వెల్డింగు చేసేటప్పుడు నిప్పురవ్వలు పడకుండా ముడతలను మంట అంటని గుడ్డతో కప్పాలి. ఒక్క రవ్వ కూడా పలుచని రేకును తొలిచివేయగలదు.

5. లోపల తొడుగు ఉన్న బెల్లోస్‌కు బయట బాణం గుర్తు ఉంటుంది. బాణం ప్రవాహం పోయే దిశకే ఉండాలి.

6. సముద్ర తీరంలో ఉప్పుగాలి, ఉప్పునీటితో తడిసిన ఇన్సులేషన్ స్టెయిన్‌లెస్ ముడతలలో సన్నని పగుళ్ళు తెస్తాయి. అటువంటి చోట తరచు పరీక్షించాలి.

7. ప్రతి బెల్లోస్‌కు కొన్నిసార్లు మాత్రమే కదిలే ఆయుష్షు ఉంటుంది. కర్మాగారం ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ అందులో ఒకటి తరుగుతుంది.

8. పీడన పరీక్ష జరిగేటప్పుడు బెల్లోస్‌కు ఎదురుగా గాని, పక్కన గాని నిలబడరాదు.

చివరి మాట

ఫ్లిక్స్‌బరోలో గొట్టం వేసిన పనివారు అలసులు కారు. చెప్పిన పని చేశారు. అడగవలసిన ప్రశ్నను అడిగేవారు ఆ రోజు అక్కడ లేరు. మన పిల్లలలో చాలామంది కాంట్రాక్టు పనిలో ఉన్నారు. భాష వేరు, పని తొందర వేరు. అడిగితే చిన్నతనమని, పని పోతుందని మౌనంగా ఉండిపోతారు. ఇంటికి ఫోను చేసినప్పుడు కూలి ఎంత ఇచ్చారని అడిగే తల్లిదండ్రులు ఇంకొక్క మాట కూడా అడగవలెనని నా మనవి: "నాయనా, తెలియని కడ్డీ మీద చెయ్యి వేసే ముందు అడుగుతున్నావా?"

నా విద్యార్థి అడిగాడు. డ్రాయింగు తెప్పించి చూశారట. పసుపు కడ్డీలు మాత్రమే తీశారట. మిగిలినవి టై రాడ్లే.