యంత్రమునకు తోడు యంత్రము

తుపాను రాత్రి ఇంటిలో ఒక లాంతరు వెలుగుచుండగనే, ముందుచూపు గల ఇల్లాలు రెండవ లాంతరును తుడిచి, వత్తి సవరించి దగ్గర నుంచుకొనును. కర్మాగారములలో యంత్రములను నడిపించు ప్రోగ్రామబుల్ కంట్రోలరునకు మరియొక కంట్రోలరును తోడుంచుటయు ఇటువంటి జాగ్రత్తయే. అయితే, తోడున్నంత మాత్రమున రక్షణ యున్నట్లేనా? ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పిన సమాధానము ఆలోచింపదగినది.

ఈ భావన విద్యుద్యంత్రముల కంటె పాతది. 1834 లో చార్లెస్ బాబేజి గణన యంత్రమును గూర్చి ఎడింబరో రివ్యూ పత్రికలో వ్రాయుచు, డయొనీషియస్ లార్డ్నర్ అను పండితుడు రెండు మాటలు చెప్పినాడు. ఒకే లెక్కను వేర్వేరు మనుష్యులచే విడివిడిగా చేయించుట తప్పులను పట్టుటకు ఉత్తమ మార్గమనునది మొదటిది. వారు వేర్వేరు పద్ధతులలో చేసినచో మరింత నమ్మకమనునది రెండవది. మొదటి మాటను లోకము ముందుగా ఆచరణలో పెట్టినది. రెండవదాని విలువ తెలియుటకు గట్టి దెబ్బలు తినవలసి వచ్చినది.

ప్రేగ్ నగరమున అంటొనీన్ స్వొబొదా రూపొందించిన ‘సాపో’ అను కంప్యూటరు 1957 లో పనిలోనికి వచ్చినది. అందు వేలకొలది రిలేలు. ఒకే లెక్కను మూడు విభాగములు చేయును. ఏ రెండింటి జవాబు కలిసినను అదియే ప్రమాణము. ఒక విభాగము తప్పినను మిగిలిన రెండును దానిని దిద్దును. కాని 1960 లో రిలేనుండి లేచిన నిప్పురవ్వ కందెన నూనెకు అంటుకొని ఆ యంత్రము దగ్ధమైపోయినది. విభాగములు మూడైనను, వాటిని కాల్చిన మంట ఒక్కటే!

ఇక కర్మాగారముల మాట. అమెరికా మోటారు పరిశ్రమలో కారు నమూనా మారినపుడెల్ల రిలే పలకల తీగలన్నియు విప్పి మరల కట్టవలసి వచ్చెడిది. ఈ బాధ తీర్చుటకు 1968 లో రిచర్డ్ మోర్లీ బృందము తలపెట్టిన యంత్రమే మోడికాన్ 084. తీగలు మార్చుటకు బదులు ప్రోగ్రామును మార్చిన చాలును. అయితే ఇందొక చిక్కు కలదు. వందల రిలేల పని ఒక్క పెట్టెలోనికి చేరినది గనుక, ఆ పెట్టె ఆగినచో అన్నియు ఆగును. అందుచేతనే తరువాతి కాలమున జంట కంట్రోలర్లు వచ్చినవి.

జంటలో ఒకటి ప్రధానము, రెండవది సిద్ధముగా నుండు తోడు. ప్రధానము తాను చేయు పనిని క్షణక్షణము తోడునకు తెలుపుచుండును. ఆ కబురు ఆగినచో తోడు పగ్గములు చేపట్టును. రెండింటిలోను ఒకే ప్రోగ్రాము తాజాగా నుండవలెను. లేనిచో పని చేతులు మారునపుడు వాల్వులు, మోటార్లు అదరిపడును. నడుమ తీగ ఒక్కటే యుండి తెగినచో, తోడు ప్రధానము చెడినదని భ్రమించి, రెండును తామే యజమానులమని తలచును. కావున కబురునకు రెండు దారులు, కరెంటునకు రెండు మార్గములు ఉంచవలెను. అపుడపుడు ప్రధానమును బుద్ధిపూర్వకముగా ఆపి తోడును పరీక్షింపవలెను.

ఇంత చేసినను ఒక అపాయము మిగులును. 1996 జూన్ 4 న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి ఏరియాన్ 5 రాకెట్టు తొలిసారి బయలుదేరినది. దాని గమనమును కొలుచుటకు రెండు సమాన యంత్రములుండెను. పాత ఏరియాన్ 4 నుండి తెచ్చిన ప్రోగ్రాము క్రొత్త వేగమునకు తగిన పెద్ద సంఖ్యను పట్టలేకపోయినది. ముందు తోడు యంత్రము ఆగినది. సెకండులో పదవ వంతైనను గడవకముందే, అదే కారణమున, ప్రధానమును ఆగినది. బయలుదేరిన సుమారు 40 సెకండ్లకు రాకెట్టు ముక్కలైనది.

లార్డ్నర్ రెండవ మాట ఇదియే. భాగము అరిగి చెడినచో జంట కాపాడును. ఆలోచనయే తప్పైనచో జంట ఆ తప్పును రెండుమార్లు చేయును. రెండు లాంతర్లలోను ఒకే డబ్బాలోని కల్తీ కిరసనాయిలు పోసిన ఇంటికి చీకటి తప్పదు గదా!