బుర్రకథ దళం: పాత కళకు కొత్త పుట్టుక

ఉదయగిరి సీమలో వరికుంటపాడు వంటి మెట్ట పల్లెల తిరునాళ్లలో వినిపించే బుర్రకథను అనాదిగా వస్తున్న కళగా భావించడం పరిపాటే అయినా, దాని నేటి రూపం 1940లలోనే కుదురుకుందని చెప్పడం సమంజసం. దానికి మూలమైన జంగం కథ సంచార శివభక్తులు ఊరూరా వీరగాథలు పాడి బతికిన సంప్రదాయం. కథకుడు భుజాన మోసే తంబుర సొరబుర్ర నుంచే బుర్రకథ అనే పేరు వచ్చిందని ఎక్కువమంది అంగీకరిస్తారు. ఇంచుమించు 1940లలోనే అమెరికాలో కెంటకీకి చెందిన బిల్ మన్రో మాండొలిన్, ఫిడేలు, గిటారు, బాంజోలతో పల్లెపాటలను జట్టు కళగా మలచగా, ఆయన బృందం పేరే బ్లూగ్రాస్ సంగీతానికి స్థిరపడింది. ఆ బాంజో కూడా ఆఫ్రికా సొరబుర్ర వాద్యాల సంతతిదే కావడం విశేషం.

తెలుగునాట జంగం కథను అలా జట్టు కళగా మలచినవారిలో అగ్రగణ్యుడు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టిన ఈయన, శాస్త్రీయ సంగీతం అభ్యసించి, 1943లో ఏర్పడిన వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి ద్వారా కథను ప్రజల కష్టసుఖాలకు దగ్గర చేశారు. ఆయన దళం బెంగాల్ కరువును, పల్నాటి యుద్ధాన్ని ఒకే ఆవేశంతో చెప్పేది. తలపాగా, అంగరఖా, నడికట్టు, గజ్జెలతో కథకుడు నడుమ నిలిచి, ఒక చేత తంబుర మీటుతూ, వేళ్లకున్న అందెలను తాళానికి మోగిస్తూ అడుగు వేస్తే, ఇరుపక్కల గుమ్మెటలు, అంటే ఒకవైపు తోలు బిగించిన చిన్న కుండవంటి వాద్యాలు, వాయించే వంతలు తందాన అందుకుంటారు. వంతలలో ఒకరు హాస్యంతో జనాన్ని నవ్విస్తే, మరొకరు రాజకీయం, అనగా ప్రస్తుత విషయాల వ్యాఖ్యానం, నడుపుతారు. కథను వర్తమానానికి కట్టివేసిన ఈ రెండో వంతే, అన్నింటికన్నా లోతైన మార్పు.

పాలకులు భయపడినదీ దానికే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనలను నిషేధించింది. అయినా 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రంలో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ, ప్రదర్శన చేరని ఊళ్లకూ సినిమాహాళ్ల ద్వారా చేరింది.

1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూసిన నాజర్ ఆత్మకథ పేరు ‘పింజారి’. నారి మోగిస్తూ విల్లుతో దూది ఏకడం, దూదేకులవారుగానూ పిలిచే పింజారుల సంప్రదాయ వృత్తి.