మిషిగన్ గన్ రూల్స్: తనిఖీ పోయింది.. లైసెన్స్ పరిధి పెరిగింది!

అమెరికాలోని మిషిగన్‌లో పిస్టల్ కొంటే ఒకప్పుడు దాన్ని పోలీసుల దగ్గరకు పట్టుకెళ్లి చూపించాల్సిందే. 1927 చట్టంతో వచ్చిన ఈ ‘సేఫ్టీ ఇన్‌స్పెక్షన్’ను 2009 జనవరిలో ఎత్తేశారు. అయితే రిజిస్ట్రేషన్ మాత్రం పోలేదు. కొన్న 10 రోజుల్లోగా ఫారం పోలీసులకు ఇస్తే చాలు, తుపాకీ తీసుకెళ్లక్కర్లేదు.

2023 ఫిబ్రవరి 13న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కాల్పుల్లో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. దీంతో రూల్స్ మళ్లీ టైట్ అయ్యాయి. సరిగ్గా ఏడాదికి, 2024 ఫిబ్రవరి 13 నుంచి రైఫిల్, షాట్‌గన్‌ కొనాలన్నా లైసెన్స్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ మస్ట్. పిల్లలుండే ఇంట్లో తుపాకీని తాళం వేసి దాచాల్సిందే.

మనవాళ్లకు గమనిక: ఎఫ్-1, హెచ్-1బీ వీసాలపై ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి.